దుమ్మువైపు చోటు

ఈమధ్య నా షుగరు మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాను. పక్క గది తలుపు తెరిచే ఉంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు నెలనెలా మందులిచ్చే గది అది. లోపల ఒక అమ్మాయి కాగితం ముందు పెట్టుకుని ఒక ముసలమ్మను ప్రశ్నలు అడుగుతోంది. మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, నిద్ర పడుతోందా, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా. అన్నిటికీ ముసలమ్మ తల ఊపింది. చివర్లో ఆ అమ్మాయి, "ఇంట్లో అన్నం ఎవరితో కలిసి తింటారు మామ్మగారూ?" అని అడిగింది.

"టీవీతో," అంది ముసలమ్మ.

అమ్మాయి నవ్వింది. ముసలమ్మ నవ్వలేదు. ఆ ప్రశ్నకు ఎదురుగా ఏమీ రాయకుండా అమ్మాయి కాగితం తిప్పింది.

ఎనభైల చివర గుంటూరులో ఒక ఆడమనిషి ఇలాంటి ప్రశ్నే డాక్టరును అడగడం నేను విన్నాను. ఆయన దగ్గర అప్పుడు మందూ లేదు, జవాబూ లేదు. ఆమె ఆ ఏడు వానలు మొదలవకముందే పోయింది. అప్పటికి అరవై దాటాయి. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో ముందుకు పోయాక తెలుస్తుంది.

ఆమెను మొదట చూసింది ఒక మిరప గోదాములో. అప్పట్లో నేను పత్రికకు మిరప ధరలూ, రైతుల గొడవలూ, కరెంటు కోతలూ రాసేవాణ్ణి. గోదాము వెనక పెద్ద ఆవరణ. దాని మీద రేకుల పందిరి. పందిరి కింద నడుమెత్తు ఎర్రటి రాశి. రాశి చుట్టూ పన్నెండుమంది ఆడవాళ్ళు గోతాల మీద కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఎండలో రంగు చచ్చి తెల్లబడిన కాయను తాలు అంటారు. మంచి సరుకులో నాలుగు తాలుకాయలు కనబడితే ధర పడిపోతుంది.

నేను లోపల అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. ఆపుకోలేకపోయాను. రాశికి అవతల నుంచి ఎవరో గట్టిగా లెక్కపెడుతున్నారు. "ఆరు... ఏడు... ఎనిమిది..." చివరికి తుమ్ములు ఆగి, కళ్ళు తుడుచుకుని చూస్తే, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పొడవాటి నల్లటి మనిషి నా వంకే చూస్తోంది.

"పదకొండు," అంది పక్కనున్న ఆమెతో. "ఎవరో కనుక్కోవే సుగుణా."

పత్రిక నుంచి వచ్చానని చెప్పాను.

"అనుకున్నా. మూడు తుమ్మితే మిరప వ్యాపారి. ఆరు తుమ్మితే రైతు తోడల్లుడు. పది తుమ్మితే గవర్నమెంటోళ్ళు. పదకొండంటే ఇంక పేపరోళ్ళే. మొదలెడితే ఆగరుగా!"

రాశి చుట్టూ నవ్వులు. ఆ నవ్వులతోనే నాకు ఆ గోదాములో చనువు దొరికింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళపాటు, ధరలు కనుక్కునే నెపం మీద, సీజనంతా అక్కడికి వెళ్తూనే ఉన్నాను. వెళ్ళినప్పుడల్లా ఆమె తుమ్ములు లెక్కపెట్టేది. "తొమ్మిది. ఇయ్యాల పేపర్లో విషయం తక్కువ," అనేది.

ఆమెది వినికిడితో చేసే పని. అనుమానం వచ్చిన కాయను రెండు వేళ్ళతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. లోపల గింజ గలగలమంటే బుట్టలోకి. చప్పుడు లేకపోతే తడి ఉందని అర్థం, పక్కకు. అలా ఆడించేటప్పుడు తల కాస్త వంచి, కళ్ళు మూసుకునేది, ఎవరో గుసగుసగా చెబుతున్న మాట వింటున్నట్టు. పొద్దున పనిలోకి దిగేముందు మోచేతుల దాకా ఆముదం రాసుకునేది. కొత్తగా చేరిన పిల్లలు ఆముదం వాసనకు మొహం చిట్లిస్తే, "రాత్రికి నీ మొగుడు మీద చెయ్యేస్తే వాడు కేక పెట్టి లేస్తాడు. రాసుకో," అనేది.

ఆ ముఠాలో రెండు కట్టుబాట్లు ఉండేవి. అవి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

ఒకటి, కూర్చునే చోటు. రాశికి గాలి ఒక పక్క నుంచి వచ్చి, దుమ్మును రెండో పక్కకు తోసుకుపోతుంది. గాలి వచ్చే వైపు పెద్దవాళ్ళు కూర్చుంటారు. దుమ్ము పోయే వైపు కొత్తవాళ్ళు. దాన్ని 'దుమ్మువైపు' అనేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్క గోతాం జరుపుకుంటూ, రాశి చుట్టూ సగం తిరిగి, గాలివైపుకు చేరుకోవాలి. ఆమె నలభై ఏళ్ళ కిందట దుమ్మువైపు మొదలుపెట్టి, ఇప్పుడు అన్నిటికన్నా పైన, గాలివైపు నడిమధ్య కూర్చుంది. "ఇంక నన్ను ఇక్కణ్ణుంచి లేపేవాడు ఒక్కడే. వాడొచ్చినప్పుడు లేస్తా," అనేది.

రెండోది, పెద్దముద్ద. మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక, అందరికన్నా పెద్ద మనిషి చెయ్యి కడుక్కుని, ప్రతి క్యారేజీలోంచీ ఒక్కొక్క ముద్ద తీసుకుని తినాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు ముట్టుకోవాలి. ఆమె తింటూ తీర్పులు చెప్పేది. "సుగుణా, గోంగూరలో ఉప్పు మర్చిపోయావే. ఇంట్లో పోట్లాటా?" "ఇదెవరిది, పచ్చడన్నమేనా? చేపలు తెచ్చి మొగుడికి పెట్టొచ్చావా?" ఎవరింట్లో ఏం జరుగుతున్నదో ఆ పన్నెండు ముద్దల్లో ఆమెకు తెలిసిపోయేది. తెలిసినవన్నీ అప్పటికప్పుడు అందరి ముందూ చెప్పేసేది కూడా.

ఆమెకు పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళు. ఊరి చివర పేటలో చెల్లెలి ఇంట్లో ఉండేది. కానీ ఇంటి గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. "మా వాళ్ళు" అంటే ముఠావాళ్ళే అనుకోవాలి. వాళ్ళలో సుగుణమ్మ ఆమెకు కుడిచెయ్యి, నలభై ఏళ్ళుంటాయి, ఏడో తరగతి దాకా చదివింది. గోదాములో పేపరు చదవగలిగింది ఆమె ఒక్కతే.

ఒక సీజను ఆఖరున పెద్దామెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. నెత్తురు బాగా పోయిందని బయట కొన్న నెత్తురు రెండు సీసాలు ఎక్కించారు. కోలుకుని వచ్చి, "ఎవడి నెత్తురో ఏమో, ఒకటే టీ తాగాలనిపిస్తంది," అని నవ్వించింది. తర్వాత రెండేళ్ళు బాగానే ఉంది. మూడో ఏడు సంక్రాంతికి ముందు జ్వరాలు మొదలయ్యాయి. జాకెట్లు వదులయ్యాయి. నోట్లో పూత. దగ్గు. ఊళ్ళో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు కుర్రవాడు, శ్రద్ధ ఉన్నవాడు. అనుమానం వచ్చి నెత్తురు మద్రాసుకు పంపించాడు. కాగితం వచ్చింది.

ఆ డాక్టరు నాకు తెలిసినవాడు. ఎవరికైనా చెప్పుకోకపోతే ఉండలేని కలతలో నాకు చెప్పాడు. అప్పటికి ఎయిడ్స్ అంటే మా ఊళ్ళో పేపర్లో చదివిన మాటే తప్ప చూసినవాళ్ళు లేరు. నేను రాశాను. నాలుగు అంగుళాల వార్త. పేరు వేయలేదు. ఊరు వేశాను, మిరప గోదాములో తాలుకాయలు ఏరే పని అని వేశాను, అరవయ్యేళ్ళ వృద్ధురాలు అని వేశాను. చివర్లో, ఈ వ్యాధికి ఇంతవరకు మందు లేదని ఒక వాక్యం. అంత జాగ్రత్తగా రాశానని ఆ రోజు నాకు తృప్తిగా కూడా ఉంది.

ఆసుపత్రిలో పడి ఉన్న, మిరప గోదాములో పనిచేసే, అరవయ్యేళ్ళ మనిషి మా ఊళ్ళో ఎంతమంది ఉంటారు? సాయంత్రానికి పేట మొత్తానికి తెలిసిపోయింది.

చెల్లెలు ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. పిడకలు దాచే పాక ఖాళీ చేసి, మంచం వేసి, ఒక సత్తు పళ్ళెం, ఒక చెంబు పెట్టింది. పళ్ళెం అంచుకు ఎర్ర దారం కట్టింది, ఇంట్లో గిన్నెల్లో కలవకుండా. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం రోజున అందరూ ఒకే గిన్నెలో తాగుతారు. పెద్దలు ఆమెను ముందు చివర తీసుకోమన్నారు. తర్వాత, నువ్వు రానక్కర్లేదమ్మా, పాస్టరు అయ్యగారే ఇంటికి తెచ్చి ఇస్తారన్నారు. ఆదివారం ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. అయ్యగారు ఒకసారి వచ్చి గుమ్మం అవతల నుంచే ప్రార్థన చేసి వెళ్ళారు. "దేవుడి గిన్నె ఇంకా దార్లో ఉందయ్యా, వస్తంది," అని నాతో అంది తర్వాత.

వీధుల్లో మాటలు ఇంకో రకం. ఆపరేషన్, నెత్తురు సీసాలు ఎవరికీ పట్టలేదు. ఈ వయసులో ముసల్దానికి ఈ రోగం ఎట్టా వచ్చిందే అని ముసిముసి నవ్వులు. టీకొట్టు దగ్గర ఎవడో వినపడేలా అన్నాడట. ఆమె ఆగి, వాడి వైపు తిరిగి, "ఒరేయ్, అరవయ్యేళ్ళకు నా మీద ఇంత అనుమానమొచ్చిందంటే, వయసులో ఉన్నప్పుడు మీ నాయన్లెవరూ నన్ను సరిగ్గా చూళ్ళేదురా!" అందట. ఈ మాట సుగుణమ్మ నాకు నవ్వుతూనే చెప్పబోయి, మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

ఇవన్నీ జరగకముందు, ఆమెను ఆసుపత్రి నుంచి పంపించే రోజున నేను అక్కడే ఉన్నాను. డాక్టరు ఆమెకు ఓపిగ్గా చెప్పాడు. "మీ ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఇక మిరప దుమ్ము పనికిరాదు. గాలీ వెలుతురూ ఉన్న గదిలో పడుకోవాలి. పాలు, గుడ్లు తీసుకోవాలి. ఆ గోదాములో కూర్చుంటే ఈ వేసవి దాటడం కష్టం."

ఆమె అంతా విని, "గాలి తగిలే గది సరే. ఆ గదిలో నాతో అన్నం ఎవరు తింటారు బాబూ?" అంది.

డాక్టరు చీటీ మీద ఇంకో మాత్ర రాశాడు.

గోదాములో కథ వేరేగా నడిచింది. యజమాని పేపరు చదివి, ఆమెను లోపలికి రానివ్వొద్దన్నాడు. పదకొండు మందీ లేచి నిలబడ్డారు. "అక్క లేకపోతే మేమూ రాం. నీ తాలుకాయలు నువ్వే ఏరుకో," అంది సుగుణమ్మ. సీజను మధ్యలో, బయట లారీలు వరసకట్టి ఉండగా, ఆయన ఏం చేస్తాడు? సరేనన్నాడు. ఊళ్ళో అప్పటిదాకా ఆమె పక్షాన నోరు విప్పింది వాళ్ళు మాత్రమే. దాన్ని నేను తక్కువ చేయను.

కానీ ఎక్కడ కూర్చోబెట్టాలి? దాని మీద ఒక పూటంతా తర్జనభర్జన పడ్డారు. గాలివైపు కూర్చుంటే ఆమె మీద నుంచి వచ్చిన గాలి మిగతా అందరి మీదుగా పోతుంది. దుమ్మువైపు కూర్చుంటే జబ్బు గాలికి ఎదురు రాలేదు. అప్పుడు వాళ్ళలో ఒకామె ఇంకో సంగతి పట్టుకుంది. మిరప గోదాములో ఎలుక బతకదు, చెదపురుగు బతకదు, దోమ వాలదు. మాంసానికి కారం పట్టించి ఎండబెడితే పురుగు పట్టదు. ఈ జబ్బు కూడా పురుగేనని పేపర్లో రాశారుగా? దుమ్ములో కూర్చుంటే పురుగు చచ్చి, జబ్బు తగ్గుతుంది. ఈ మాటతో అందరి మనసులూ తేలికపడ్డాయి. ఆమెను దూరం పెట్టినట్టు కాదు, వైద్యం చేసినట్టు. సుగుణమ్మే ఆమె గోతాం దులిపి, తీసుకెళ్ళి, దుమ్మువైపు పరిచింది. నలభై ఏళ్ళ కిందట ఆమె మొదలుపెట్టిన చోటే అది.

పెద్దముద్ద మానలేదు. కాకపోతే ఆమె చెయ్యి క్యారేజీల్లోకి వెళ్ళడం ఆగింది. ఎవరి ముద్ద వాళ్ళు తీసి, పై నుంచి ఆమె విస్తరాకులో వేసేవాళ్ళు. పన్నెండో ముద్ద ఆమె తనదే వేసుకునేది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అన్నాలు అయిపోయాయి. మిగతావాళ్ళు గోడ నీడన నడుం వాల్చారు. ఆమె ఒక్కతే రాశి అంచున ఉంది. చీర ఎరుపెక్కింది, కనుబొమల మీద కూడా ఎర్ర పొడి. నేను పది దాకా తుమ్మి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆమెకు లెక్కపెట్టే ఊపిరి లేదు. చేతి వేళ్ళు చూపించింది, పది.

"పెద్దమ్మా, నేను పేరు రాయలేదు," అన్నాను. నెల రోజులుగా అనాలనుకుంటున్న మాట.

"అవును. పేరొక్కటే రాయలేదు," అంది.

బొడ్లో దోపుకున్న గుడ్డసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. నేను రాసిన వార్త. ఎవరో కత్తిరించి ఇచ్చారు. చదవమంది. చదివాను. వృద్ధురాలు అన్న మాట దగ్గర ఆపింది.

"ముసల్దనేగా?"

"ఊఁ."

"ఆ మాటకు నిన్ను క్షమించను. సరేలే, చివర్న ఏందో ఉందంట, అది చదువు."

చదివాను. మందు లేదన్న వాక్యం.

"అది కొట్టెయ్."

"అచ్చయిపోయింది కదా పెద్దమ్మా."

"ఈ కాయితం మీద కొట్టెయ్యి. సుగుణ అన్నాలకాడ ఇది మళ్ళీ మళ్ళీ చదువుద్ది. ఆ ముక్క కాడికొచ్చేసరికి అందరూ నా మొహం చూస్తారు. కారానికి తగ్గుద్దని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. నేను తగ్గతందంటున్నా. పొద్దున్నే వచ్చి, ఇయ్యాల దగ్గు తక్కువే అని చెప్తున్నా. ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళే నాకీ గోతాం."

"నువ్వు నమ్ముతున్నావా?"

ఆమె నవ్వబోయింది. దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గి, కొంగుతో పెదాలు తుడుచుకుని, "నలభై ఏళ్ళు తిన్నా ఈ దుమ్ము. దీనికి రోగం చచ్చేటట్టయితే ఈ గోదాములో ఇంతమంది ఆయాసంతో ఎందుకు పోతారు? నాకు తెల్దా? ఇది నన్ను తినేస్తంది. తిననీ. అన్నాలప్పుడు మనుషుల మధ్య ఉంటన్నా," అంది.

నేను జేబులోంచి కలం తీసి గీత గీశాను.

"అట్టా కాదు. అక్షరం కనపడకూడదు."

కాగితం చిరిగేంతగా రుద్దాను. ఆమె మడిచి మళ్ళీ బొడ్లో పెట్టుకుంది.

ఇక్కడితో నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. ఆమె దగ్గిన తీరు కళ్ళ ముందే ఉంది. వెళ్ళి డాక్టరుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇదేం వైద్యమండీ! ఆ దుమ్ములో నెల కూడా ఆగదు. వాళ్ళకు ఎవరైనా చెప్పాలి కదా. పక్కన కూర్చుంటే అంటుకోదని తెలిస్తే వాళ్ళే ఆమెను గాలివైపు కూర్చోబెడతారు," అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది. విషయం తెలిస్తే మనుషులు మారతారని నమ్మే ఉద్యోగం నాది. మర్నాడు మధ్యాహ్నం ఆయన్ను నేనే వెంటబెట్టుకుని గోదాముకు తీసుకెళ్ళాను.

మేమిద్దరం లోపలికి రావడం ఆమె దుమ్మువైపు నుంచి చూసింది. నాకు వరసగా తుమ్ములొస్తున్నాయి. ఆమె లెక్కపెట్టలేదు. చెయ్యి మెల్లగా బొడ్లో ఉన్న సంచి మీదికి పోయింది.

డాక్టరు చక్కగా చెప్పాడు. అంత మంచిగా, అంత తేలిక మాటల్లో ఎవరూ చెప్పలేరు. కలిసి కూర్చుంటే అంటుకోదు. కలిసి తింటే అంటుకోదు. ఆమె తాగిన చెంబులో తాగినా ఏమీ కాదు. ఆమెకు కావలసింది గాలి, మనుషులు. ఈ దుమ్ము ఆమె ఊపిరి తీసేస్తోంది. కారానికి ఈ జబ్బు తగ్గదు.

"మరి దేనికి తగ్గుద్ది?" అంది సుగుణమ్మ.

డాక్టరు అబద్ధం చెప్పలేని మనిషి. "ప్రస్తుతానికి దీనికి మందు లేదమ్మా," అన్నాడు.

"ఎక్కడా లేదా? మద్రాసులో కూడానా?"

"ఎక్కడా లేదు."

అందరూ ఆమె మొహం చూశారు. ఆమె ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తోంది.

"మందే కనిపెట్టలేని జబ్బు గదా డాక్టరుగారూ," అంది సుగుణమ్మ. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అంటుకోదన్న సంగతి మాత్రం మీకెట్టా తెలుసు?"

డాక్టరు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడు వాళ్ళు చేతులు కట్టుకుని విన్నారు. మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

మర్నాడు ఆమె పనిలోకి వచ్చేసరికి గోతాం గేటు బయట, ప్రహరీ గోడ పక్కన పరిచి ఉంది. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. సుగుణమ్మ పొద్దున్నే ఒక బుట్టెడు కాయలు తెచ్చి గోడ దగ్గర పెట్టేది, సాయంత్రం ఏరినవి తీసుకెళ్ళేది. మధ్యాహ్నం ఆకులో ఒక ముద్ద తెచ్చి, గోతాం అంచున పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడేది. "తిను అక్కా," అనేది. ఆమె తినేదాకా ఉండేది కాదు. లోపల పెద్దముద్ద ఇప్పుడు సుగుణమ్మ వంతు, అది కానిదే ఎవరూ అన్నం ముట్టుకోరు. పోవాలి.

ఆ గోడ పక్కన గాలి బాగా ఆడేది. ఎండపొద్దు తిరిగాక సముద్రం వైపు నుంచి చల్లగా వచ్చేది. దుమ్ము లేదు. వెలుతురు ఉంది. డాక్టరు అడిగినవన్నీ ఆ గోడ పక్కన ఉన్నాయి. రెండు వారాలకు ఆయన ఆమె వీపు మీద గొట్టం పెట్టి విని, శబ్దం తగ్గిందని, ఊపిరితిత్తులు కాస్త తేరుకున్నాయని నాకు సంతోషంగా చెప్పాడు. బరువు మాత్రం ఎందుకో పడిపోతోందన్నాడు.

ఆ ఎందుకో గోతాం అంచున ఉన్న ఆకులు చూస్తే తెలిసేది. ముద్దలు కాకులు తింటున్నాయి.

మే నెల చివర్లో ఒక సాయంత్రం వెళ్ళాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులకు ఆముదం రాసుకుంది, బుట్టలో కాయలు పావు వంతు కూడా లేకపోయినా. చీర తెల్లగా ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"దగ్గు తగ్గిందటగా. డాక్టరుగారు చెప్పారు," అన్నాను.

"తగ్గకేం చేస్తది? గాలి బాగుంది."

గోడ అవతల ఎవరో కొత్త మనిషి లోపలికి వచ్చినట్టున్నాడు. తుమ్ములు మొదలయ్యాయి, ఒకటి వెనక ఒకటి. ఆమె తల ఎత్తింది. పెదాలు కదిలాయి. ఏడు దాకా పోయి ఆగింది. లోపల ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఆ మాట మా వరకు రాలేదు. ఆమె చాలాసేపు గోడ వైపే చెవి పెట్టుకుని ఉంది.

తర్వాత నా వంక తిరిగి, "నువ్వొక్కటి కూడా తుమ్మలేదేందయ్యా ఇయ్యాల?" అంది.

"ఇక్కడ ఘాటు లేదు కదా పెద్దమ్మా," అన్నాను.

ఆమె బుట్టలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, పక్కన పడేసింది.

"లేదు," అంది. "ఇక్కడేమీ లేదు."